గేటుకు వీపు పెట్టి

ఫిబ్రవరి 6

అన్నయ్యకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "షెడ్డులో మోత, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ఈ కాలంలో అన్నకు ఉత్తరాలు రాసే చెల్లెల్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. స్టాంపులు అమ్మే ఆవిడ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతోంది. సరే, నీ మాటే కానిస్తున్నాను.

విషయం ఏమిటంటే, కరెంటు కారుకు ఆర్డరిచ్చాను.

చేతిలో స్పానరు ఉంటే కింద పెట్టి మిగతాది చదువు. పాత బండి పోయి నెలన్నర అయింది. రోజుకు తొమ్మిది ఇళ్ళు తిరిగి కట్లు మార్చే, ఇంజెక్షన్లు ఇచ్చే నర్సు బస్సుల్లో ఎన్నాళ్ళు తిరగ్గలదు? అప్పుడు నీకు "ఇంజను పాడైంది" అని మాత్రమే రాశాను. కంగారు పడతావని అసలు సంగతి దాచాను. కొండ రోడ్డు దిగుతుంటే ఇంజను ఠక్కున ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుపోయింది, బ్రేకు ఎంత తొక్కినా బండి పోతూనే ఉంది. ఎదురుగా మలుపు, మలుపు కింద లోయ. రోడ్డు పక్కన మట్టి దిబ్బ కనబడితే దానికి గుద్దించాను. అది లేకపోతే ఈ ఉత్తరం లేదు. టైమింగ్ బెల్టు తెగిందనీ, దాన్ని పట్టి ఉంచే బేరింగు అరిగి అరిగి బెల్టును తినేసిందనీ ఇక్కడి మెకానిక్కు చెప్పాడు.

అంతకు మూడు వారాల ముందే నీ దగ్గర సర్వీసు అయింది కదా. "సన్నగా ఈల వేస్తోంది అన్నయ్యా" అన్నాను, నువ్వు "ఏమీ లేదు, పో" అన్నావు. అది ఇంకేదో అయి ఉంటుందిలే. నీ చెవిని కాదని ఆ బేరింగుకు అరిగే ధైర్యం ఎక్కడిది?

అప్పటినుంచి వాలు వస్తే బస్సులో కూడా కళ్ళు మూసుకుంటున్నాను. ఈ కొత్తదాంట్లో బెల్టు లేదు, బేరింగు గోల లేదు అంటున్నారు. కానీ చప్పుడు కూడా లేదు, అదే భయంగా ఉంది. నీ షెడ్డు తలుచుకుంటున్నాను. నువ్వు గేటుకు వీపు పెట్టి బెంచీ మీద పని చేసుకుంటూ ఉంటావు. ఎవరి బండి లోపలికొచ్చినా తిరక్కుండానే "రెండో సిలిండరు", "సైలెన్సరు పగిలింది" అని చెప్పేస్తావు. ఆ చెవితోనే ఒక మాట చెప్పు. కొననా, వద్దా?

నీ పిచ్చుక


ఫిబ్రవరి 11

పిచ్చుకకు,

వద్దు.

చప్పుడు లేని బండిని నమ్మకు. ఇంజను జబ్బు పడితే ముందు మూలుగుతుంది. మూలగనిది చెప్పకుండా చస్తుంది, చంపుతుంది. నా ఎరికలో మంచి పాత బండి ఒకటి ఉంది. బెల్టు, బేరింగు, పంపు అన్నీ కొత్తవి వేసి ఇస్తాను. ఆర్డరు వెనక్కి తీసుకో.

ఫోన్ చెయ్యకు. మోత.

లోయ సంగతి ముందే రాయాల్సింది.

అన్నయ్య


ఫిబ్రవరి 16

అన్నయ్యకు,

ఇంత ఉత్తరానికి అంత జవాబా? నేను మూడు పేజీలు రాస్తే నువ్వు మందుల చీటీ రాశావు. చదివి ఏడ్చాను, తర్వాత కోపం వచ్చింది. చచ్చి బతికానంటే "ముందే రాయాల్సింది" అంటావా? ఎలా ఉన్నావని ఒక్క మాట లేదు.

నీ పనితనం మీద అలిగి ఇంజను లేని బండి కొంటున్నానని అనుకుంటున్నావు కదూ. అదేం కాదు. పందొమ్మిదేళ్ళు ఆ బండిని నీ చేతుల మీద పెంచావు. నాకు దాని మీద నమ్మకం పోయింది కానీ నీ మీద పోలేదు. ఇంతకంటే తేటగా ఎలా చెప్పాలో నాకు తెలీదు.

ఆర్డరు వెనక్కి తీసుకోను. మొన్న నడిపి చూశాను. కాలు తీస్తే చాలు, దానంతట అదే ఆగుతోంది. ఆ ఒక్క సుఖానికే లొంగిపోయాను. మీ బావగారు దాని పుస్తకం మొత్తం తెచ్చుకుని పైకి చదువుతున్నారు. "బ్యాటరీ మంటల్లో చిక్కుకున్నచో" అన్న పేజీ నాలుగుసార్లు చదివారు. ఆ పేజీ వద్దని ఆయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వింటూ కూర్చుని వణికేది నేను.

డెలివరీ ఇరవై ఎనిమిదిన. తీసుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలో అదైనా రాయి. ఇంజను లేకపోతే నువ్వు నా అన్నవి కాకుండా పోవుగా.

పిచ్చుక


ఫిబ్రవరి 21

పిచ్చుకకు,

సరే, తీసుకో. నీ మొండితనం నాకు తెలియంది కాదు.

వెలుతురు ఉండగా వెళ్ళు. రంగు మీద గీతలు వంగి చూడు, నిలబడి చూస్తే కనబడవు. తలుపుల సందులు నాలుగూ ఒకేలా ఉన్నాయా చూడు. టైరు మీద తయారైన వారం, ఏడాది ఉంటాయి, అడిగి చదివించుకో. గాలి కొలిపించు. ఛార్జింగు తీగ నీ ఎదుట పెట్టి, తీసి చూపించమను. సంతకం అన్నిటికంటే చివర పెట్టు. తొందర పెట్టేవాడు ఏదో దాస్తున్నాడని గుర్తు.

ఇంకొకటి. రోడ్డు మీద నడిచే ప్రతి మనిషికీ నీ బండి వినబడదనే అనుకుని నడుపు. వింటాడులే అని ఎవరి దగ్గరా అనుకోకు.

దాన్ని నా షెడ్డుకు మాత్రం తీసుకురాకు.

బావను ఆ పుస్తకం మూసెయ్యమన్నానని చెప్పు.

అన్నయ్య


మార్చి 3

అన్నయ్యకు,

బండి వచ్చింది. నేనూ వచ్చాను. ఈ రెండు ముక్కలూ రాయగలిగే స్థితికి రావడానికి మూడు రోజులు పట్టింది.

షోరూము వెనక తెల్లటి హాలు ఒకటి ఉంది, ఆపరేషను గదిలాగే ఉంది. మధ్యలో బండి, నెత్తిన పరుపంత ఎర్ర రిబ్బను పువ్వు. అప్పగించే అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో, చేతిలో పలకంత ట్యాబు. నేను నీ చీటీ తీసి చేత్తో పట్టుకుని బండి చుట్టూ వంగి వంగి నడిచాను. నడుం పట్టేసింది. కుడి వెనక తలుపు సందు మిగతావాటికంటే కొంచెం వెడల్పు ఉంది. నేను చూపిస్తే ఆ అమ్మాయి ముందు లేదంది, తర్వాత మీ బావగారు పుస్తకం తెరిచేసరికి ఉందని ఒప్పుకుని లోపలికి పంపి సరిచేయించింది. గంట పట్టింది. టైరు మీద అంకెలు చదవమంటే ఇంతవరకు ఎవరూ అడగలేదంది. మా అన్న మెకానిక్కు అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

తాళంచెవి ఇవ్వలేదు. ఒక కార్డు ఇచ్చారు, బస్సు పాసంత ఉంది. లోపల కూర్చున్నాను. "ఇంక వెళ్ళొచ్చండీ" అంది. "స్టార్టు చెయ్యి మరి" అన్నాను. "అయింది కదండీ" అంది. బండి బతికుందో లేదో తెలీకుండా దాని మీద కాలెలా పెట్టను? రోగి నాడి దొరకనప్పుడు ఎలా ఉంటుందో అలా అయింది నాకు. నువ్వు చేసినట్టు ముందు మూత మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఈ రెండు మూడేళ్ళుగా నువ్వు వినడానికి ముందు అలా చెయ్యి ఆనిస్తున్నావు కదా, బండిని పలకరిస్తున్నావేమో అనుకునేదాన్ని. నా చేతికి ఏమీ తెలియలేదు. చల్లగా ఉంది, అంతే.

దారి పొడుగునా బ్యాటరీ శాతం అంకె చూస్తూనే నడిపాను. అరవై రెండు, అరవై ఒకటి, అరవై. ఒక్కో అంకె తగ్గుతుంటే నా రక్తమే తగ్గుతున్నట్టుంది. మొదటి వాలు రాగానే పక్కకు ఆపేసి పది నిమిషాలు కూర్చున్నాను. మీ బావగారు పుస్తకం కూడా తెరవలేదు. తర్వాత కాలు తీసి వాలు దిగాను. అదే ఆగి ఆగి దిగింది. వాలు దిగుతుంటే దానంతట అదే ఛార్జి ఎక్కి శాతం ఒకటి పెరిగింది. ఆ అంకె చూసి నవ్వాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నీ భయానికి ఒక మందు కూడా ఉంది. మెల్లగా పోతున్నంతసేపూ ఇది సన్నగా కూస్తుంది, మనుషులు తప్పుకోవాలని కావాలనే పెట్టారట. మా వీధిలో అందరికీ వినబడుతోంది.

కానీ "షెడ్డుకు తీసుకురాకు" అన్నది మాత్రం ముల్లులా దిగింది. అంత కానిదాన్నయ్యానా?

పిచ్చుక


మార్చి 9

అన్నయ్యకు,

జవాబు రాకుండానే మళ్ళీ రాస్తున్నాను. ఎవరికైనా చెప్పకపోతే గుండె ఆగేలా ఉంది.

ఇవాళ పొద్దున ఒక సందులోంచి వస్తున్నాను. నా ముందు కుట్టుపనాయన, వీపు నా వైపు, భుజం మీద గుడ్డల మూట, రోడ్డు మధ్యన నడుస్తున్నాడు. బండి కూస్తూనే ఉంది. తప్పుకుంటాడులే అనుకున్నాను. అదే, నువ్వు అనుకోవద్దన్నదే అనుకున్నాను. ఆయన తప్పుకోలేదు. బ్రేకు తొక్కాను, మూట నా బండి మూతకు తగిలి కింద పడింది. ఆయన తిరిగి, నన్ను చూసి, నాకే క్షమాపణ చెప్పాడు. పెళ్ళిబట్టల ధ్యాసలో ఉన్నాడట. మూట ఎత్తి ఇచ్చాను. ఆయన నీ వయసువాడే.

ఇంటికొచ్చాక ఒకటి నిశ్చయించుకున్నాను. ఈ భయం నీ దగ్గరే పోవాలి. చిన్నప్పుడు సైకిలు భయం నువ్వే పోగొట్టావు. అందుకే ఈ శనివారం వస్తున్నాను, నువ్వు రావద్దన్నా సరే. ఎన్ని గంటలకో చెప్పను. నువ్వు గేటుకు వీపు పెట్టి ఉంటావు. మెల్లగా లోపలికొచ్చి సరిగ్గా నీ వెనక ఆపుతాను. ఆ సన్న కూత పట్టుకుని, తిరక్కుండా "పిచ్చుక వచ్చిందే" అన్నావో, నీ చెవికి దండం పెట్టి అలక మానేస్తాను.

పిచ్చుక


మార్చి 10

పిచ్చుకకు,

నీ మూడో తారీకు ఉత్తరం అందింది. తలుపు సందు పట్టుకున్నందుకు మెచ్చుకుంటున్నాను. కానిదానివెందుకు అవుతావు, పిచ్చిమాటలు రాయకు.

ఆ కూతను నమ్ముకోవద్దు. మొన్న మా వీధిలో అలాంటి బండే ఒకటి నా మోచేతిని రాసుకుంటూ పోయింది. నడిపేవాడు దిగి "హారను కూడా కొట్టాను కదండీ" అన్నాడు. కొట్టలేదని గట్టిగా తగువాడాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూసిన చూపు బాగాలేదు. చెయ్యి కమిలింది, తగ్గిపోతుంది.

బండిని ఇక్కడికి తేవద్దన్నది అలకతో కాదు. ఎందుకో తర్వాత రాస్తాను. రావాలనిపిస్తే బస్సులో రా, ముందుగా రాసి రా. చెప్పకుండా మాత్రం రాకు.

అన్నయ్య


మార్చి 15

అన్నయ్యకు,

నీ పదో తారీకు ఉత్తరం నిన్న సాయంత్రం ఇంటికి చేరేసరికి గుమ్మంలో ఉంది. అప్పటికే నేను వచ్చి వెళ్ళాను. నీకు తెలీదు.

నిన్న పదకొండు గంటలప్పుడు వచ్చాను. గేటు తీసి ఉంది. నీలం చొక్కా వేసుకున్నావు, వీపు నా వైపు. మిషన్లు ఏవీ తిరగడం లేదు, షెడ్డు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ చూడలేదు. నవ్వుకుంటూ నడక కంటే మెల్లగా లోపలికి పోనిచ్చాను. బండి కూస్తోంది. నువ్వు తిరగలేదు. నాటకమాడుతున్నావనుకున్నాను. ఇంకొంచెం ముందుకొచ్చాను. అప్పుడే నువ్వు పెద్ద జాకీని లాక్కుంటూ వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టావు, సూటిగా నా మీదికి. బ్రేకు తొక్కాను. నీ పిక్కకీ నా బంపరుకీ మధ్య జానెడు. నువ్వు అక్కడే ఆగి నడుం పట్టుకుని నిలబడ్డావు.

అద్దం దించి "అన్నయ్యా" అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి అరిచాను. నీ భుజం కూడా కదల్లేదు. వంగి ఏదో నట్టు తీసుకుని జేబులో వేసుకుని, మళ్ళీ బెంచీ దగ్గరికి వెళ్ళిపోయావు.

దిగి వచ్చి నిన్ను పట్టుకోవలసింది. రాలేకపోయాను. వెనక నుంచి చెయ్యి వేస్తే ఉలిక్కిపడతావని భయం. ఎదురుగా వస్తే నీ మొహం ఎలా ఉంటుందోనని అంతకంటే భయం. రివర్సు వేశాను. ఈ బండి వెనక్కి పోతే టీ టీ అని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. అది కూడా నీకు చేరలేదు. వీధి చివర ఆపుకుని ఎంతసేపు ఏడ్చానో తెలీదు.

ముప్ఫై ఏళ్ళుగా నర్సును. గడప దాటకముందే రోగి మొహం చదువుతానని పేరు. ఫోన్ ఎత్తనివాడు, ఉత్తరం రాయమనేవాడు, బండి మీద అరచెయ్యి ఆనించేవాడు నా కళ్ళముందే ఉంటే ముద్దు చేస్తున్నాడనుకున్నాను. ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా?

జానెడు. కళ్ళు మూస్తే అదే కనబడుతోంది.

నీ చెల్లెలు


మార్చి 20

పిచ్చుకకు,

నాలుగుసార్లు రాసి చించాను. ఇది ఐదోది. వస్తానన్న నీ ఉత్తరం శనివారం సాయంత్రానికి గానీ నాకు చేరలేదు.

మూడేళ్ళు. ముందు సన్న చప్పుళ్ళు పోయాయి. నట్టు కిందపడితే వినబడేది కాదు. వాటికంటే ముందు పోయింది నీ గొంతు. పేరుకు తగ్గట్టు పిచ్చుక గొంతాయె. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే ఊపిరి తప్ప ఏమీ అందేది కాదు, అందుకే ఉత్తరాలు. లారీ వస్తే కాళ్ళకు తెలుస్తుంది. ఇంజనుకు చెయ్యి ఆనిస్తే సగం జబ్బులు తెలుస్తాయి. మనుషులు ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాగించేస్తున్నాను. నీ బండిలాంటిది మాత్రం కాలికీ తెలీదు, చేతికీ తెలీదు. అది వీధిలో తిరగడం మొదలైనప్పటి నుంచి బయటికి వెళ్ళాలంటే గోడ పట్టుకుని నడుస్తున్నాను. మోచెయ్యి తగిలిన రోజున అతను హారను కొట్టే ఉంటాడు.

అసలు చెప్పాల్సింది ఇది కాదు. ఆ రోజు నువ్వు "సన్నగా ఈల వేస్తోంది అన్నయ్యా" అన్నావు. నీ పెదాలు చూశాను, మాట అర్థమైంది. ఈల వినబడలేదు. మూత తీసి చెవి దగ్గర పెట్టాను, వినబడలేదు. విప్పి చూస్తే అరగంట పని, ఆ బేరింగు చేతిలోకి వచ్చేది. విప్పితే ఎందుకు విప్పావంటావని భయపడ్డాను. ఊళ్ళోవాళ్ళంతా విని చెప్పేవాడని నా దగ్గరికి వస్తారు. నాకు వినబడలేదని చెప్పడానికి నోరు రాక "ఏమీ లేదు, పో" అన్నాను. ఆ మాట అనేసి నిన్ను కొండ మీదికి పంపాను.

లోయ గురించి నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజు షట్టరు దించేసుకుని కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగలా "వద్దు" అని ఒక్క మాట రాశాను. నా చెవిని కాదని అరిగే ధైర్యం బేరింగుకు ఎక్కడిదన్నావు. తర్వాతి ఉత్తరంలో శంఖం సామెత రాశావు. రెండూ మడిచి పెట్టాను కానీ మరిచిపోలేదు.

మట్టి దిబ్బ లేకపోతే నిన్ను నేనే చంపి ఉండేవాణ్ణి. దీనికి క్షమించమని అడగడం కూడా నాకు చేతకావడం లేదు.

అన్నయ్య


మార్చి 25

అన్నయ్యకు,

నాకు కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. రెండు రోజులు నీ ఉత్తరం వైపు చూడలేదు. ఆ మలుపు మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకొచ్చింది, ఈసారి అందులో నువ్వు కూడా ఉన్నావు. మీ బావగారు చదివి "ఆయన అంత భయాన్ని ఒక్కడే మూడేళ్ళు మోశాడు" అన్నారు. "నన్ను కూడా దాని కింద పెట్టాడు" అన్నాను.

ఇవాళ కొంచెం తగ్గింది, రాస్తున్నాను. క్షమించడం సంగతి నిదానంగా చూద్దాం, దానికి తొందర లేదు. తొందరున్నవి వేరే ఉన్నాయి. ఈ మూడేళ్ళలో నువ్వు విని పంపిన బండ్లన్నిటినీ పిలిపించు. ఎందుకో నిజం చెప్పి పిలిపించు. ఒక్కొక్కటీ విప్పి చూడు. నీ చేతుల్లో ఏ లోపమూ లేదు. నాలాగా ఇంకెవరూ కొండ దిగకూడదు.

చెవుల డాక్టరుతో మాట్లాడాను. ఏప్రిల్ ఆరు, సోమవారం, పది గంటలకు. సన్న చప్పుళ్ళు పోయినవాళ్ళకు చెవి మిషను బాగానే పనిచేస్తుందట, అన్నీ తిరిగి రావని కూడా చెప్పాడు. ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను. ఇకమీదట మన మధ్య అలాగే ఉండాలి.

ముందు రోజు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వస్తాను. భయపడకు. బండి గేటు బయటే ఆపేస్తాను. దిగి, గోడ పక్కగా చుట్టు తిరిగి, నీకు ఎదురుగా వచ్చి నిలబడతాను. నీ వెనక నుంచి ఇంక ఎప్పుడూ రాను.

పిచ్చుక


మార్చి 30

పిచ్చుకకు,

పదిహేడు బండ్లకు కబురు పెట్టాను. చెవులు పోయాయని చెప్పాను. మొదటివాడికి ఎదురుగా నిలబడి చెప్పాను. వాడు బండి తీసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు వస్తున్నారు. నాలుగు విప్పాను. ఒకదానిలో బేరింగు సగం అరిగి ఉంది. పిల్లల్ని బడికి దింపే బండి అది. ఆ బేరింగును బెంచీ మీద నా ఎదురుగానే పెట్టుకున్నాను.

బెంచీ అంటే గుర్తొచ్చింది. దాన్ని తిప్పాను. నలభై ఏళ్ళుగా నేలకు బిగించి ఉంది, బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు, కోసి తియ్యాల్సి వచ్చింది. ఇప్పుడు తల ఎత్తితే గేటు కనబడుతుంది. ఇంకా అలవాటు కాలేదు. ప్రతి నిమిషానికీ తల ఎత్తుతున్నాను, పని సాగడం లేదు. సోమవారం డాక్టరు ఏమంటాడోనని కూడా భయంగానే ఉంది. ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం బండి బయట ఆపకు. లోపలికే తీసుకురా. నువ్వు రావడం చూస్తూ ఉంటాను.

అన్నయ్య